ఆపినా మోగే శ్రుతి

కంబగిరి ఫైలు తెరిచాడు. అది తెరుచుకోబోయి, తెల్లబడి, మూసుకుపోయింది.

మళ్ళీ తెరిచాడు. మళ్ళీ పోయింది. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళాడు. బయట ఏముందో చూడకుండానే వెనక్కి వచ్చి కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాడు. అది లేచేలోపు ఫ్యాను వేగం పెంచాడు, తగ్గించాడు. ఫైలు నొక్కాడు. ప్రోగ్రాం పని చేయడం ఆగిపోయింది, మూసేయమంటారా అని తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చి మర్యాదగా అడిగింది.

"ఇన్నాళ్ళూ నన్నడిగే మూస్తాండావా?" అన్నాడు కంబగిరి తెరతో.

వరండాలో కూర్చున్న నాగలింగ సామి తల తిప్పి చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఆయన పాత తంబూరకు కొత్త తీగ కడుతున్నాడు.

డోన్ దగ్గర నాపరాళ్ళ గనుల నడుమ ఉన్న విగ్రహపూజ లేని అచల మార్గం వాళ్ళ మఠం అది. గోపురం లేదు, గంట లేదు. బండలు పరిచిన కప్పు కింద ఒక పొడుగాటి గది, ముందు వరండా. సాయంత్రమైతే గనుల్లో పని చేసేవాళ్ళు, చేలల్లోంచి వచ్చేవాళ్ళు అక్కడ కూర్చుని తత్వాలు పాడుకుంటారు. ఆ తత్వాలు చాలావరకు పెద్దసామి కట్టినవి. ఆయన నాగలింగ సామికి గురువు. కాలం చేసి చాలా ఏళ్ళయింది.

ఆ మఠంలో తత్వాలు రాసుకునే అలవాటు లేదు. గురువు పాడితే శిష్యుడు వింటాడు, విన్నవాడు మళ్ళీ పాడతాడు. అలా నేర్చుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే పోయారు. నాగలింగ సామి మఠానికి ఆలస్యంగా వచ్చినవాడు, ఆయనకు సగమే వచ్చు. అన్నీ వచ్చిన మనిషి ఇక సుంకమ్మ ఒక్కతే. పెద్దసామి దగ్గర చిన్నప్పుడే చేరింది. ఇప్పుడు పళ్ళన్నీ ఊడిపోయాయి, అక్షరం ముక్క రాదు. ఫోను ముందు పెట్టి పాడమంటే పాడదు. "అది నన్నే చూస్తాంది నాయనా" అంటుంది.

కంబగిరి ఒకప్పుడు డోన్‌లో డీటీపీ సెంటర్ నడిపాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు ఎవరి పార్టీకి వాళ్ళ రంగు. అది మూతబడ్డాక మఠం చేరాడు. చేరిన కొత్తలోనే సామి వెంటపడ్డాడు.

"పుస్తకం వేద్దాం సామీ. అవ్వ పాడితే నేను టైపు కొడతా. మనిషి మర్చిపోతాడు గాని కంప్యూటర్ మర్చిపోదు."

సామి ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఒప్పుకున్న రోజున సుంకమ్మ గురించి ఒకే ఒక్క మాట చెప్పాడు.

"అక్కను తొందర పెట్టొద్దు."

కంబగిరి తన పాత కంప్యూటర్‌నీ, చేతికి అలవాటైన పాత సాఫ్ట్‌వేర్‌నీ మఠానికి తెచ్చుకున్నాడు. పొద్దున పూట సుంకమ్మ పాడేది, అతను కొట్టేవాడు. మొదట్లో పని బాగా సాగింది. ఒక్కో తత్వం పేజీలో కుదురుకుంటుంటే అతనికి మురిపెంగా ఉండేది. ఆమెను కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదో, ఇది నీ పాట" అని చూపించేవాడు. ఆమె తెరను వేలితో తాకి, "వెచ్చగా ఉందే" అనేది.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ముందు సుంకమ్మ తడబడటం మొదలుపెట్టింది. పల్లవి ఎత్తుకుంటుంది, చరణం దగ్గరికి వచ్చేసరికి గొంతు జీర వచ్చి ఆగిపోతుంది. "యాదికి రాలేదు నాయనా" అని తల వంచుకుంటుంది. పుస్తకంలో చివరగా రావలసిన తత్వం, పెద్దసామి పోయే ముందు కట్టిందట, దానికి పల్లవి ఒక్కటే దక్కింది. ఆ తర్వాత పాత ప్రింటర్ కాగితాలు నమిలి నమిలి ఒక రోజు పూర్తిగా ఊరుకుంది. గని కాంట్రాక్టరు మద్దిలేటి మఠానికి కావలసిన మనిషి. అంతకుముందే సాయంత్రం భజనకని ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తెచ్చి ఇచ్చాడు. పొద్దున సుంకమ్మ పాడేటప్పుడు కూడా కంబగిరి దాన్నే పెట్టేవాడు. ఇప్పుడు రంగుల ప్రింటర్ కూడా పంపించాడు. ఆ ప్రింటర్ వచ్చాక ఫైలు తెరుచుకోవడం మానేసింది.

కంబగిరి చెయ్యని ప్రయత్నం లేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. వైరస్ ఉందేమోనని వెతికించాడు. కంప్యూటర్ పొట్ట విప్పి, లోపలి మెమరీ ముక్కను పెన్సిలు రబ్బరుతో తుడిచి పెట్టాడు. ఫాంట్లు ఒక్కొక్కటే తీసి చూశాడు. ప్రింటర్ మీద అనుమానం వచ్చి దాని తీగ కూడా పీకాడు. తీగ లేకపోయినా ఫైలు అలాగే పోయింది. కాబట్టి ప్రింటర్‌ది ఏ పాపమూ లేదని తేల్చేశాడు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని డోన్‌కి పోతే, ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఏ షాపులోనూ లేదు. వాళ్ళ కంప్యూటర్‌లో పెద్దసామి తత్వాలన్నీ చదరాలూ ప్రశ్నార్థకాలూ అయి కూర్చున్నాయి. "ఇదేం భాష అన్నా?" అని షాపాయన నవ్వాడు. కంబగిరికి ఏడుపొచ్చింది.

అతనికి నిజంగానే భయం పట్టుకుంది. ఆ తత్వాలన్నీ ఉన్నవి రెండే చోట్ల, సుంకమ్మ గొంతులో, ఈ ఫైల్లో. రెండూ తెరవబోతే మూసుకుపోతున్నాయి. పెద్దసామి పోయిన తిథికి చేసే ఆరాధన దగ్గరికి వచ్చేసింది, పుస్తకం ఆ రోజుకే రావాలి. పుస్తకం వేద్దామని సామిని ఒప్పించింది తనే. ఒప్పించి చివరికి ఉన్నవి కూడా పోగొట్టిన వాడు అవుతాడు.

జేబులో ఫోను మోగింది. మద్దిలేటి.

"ఏమప్పా కంబగిరీ, పుస్తకం యాడిదాకా వచ్చింది?"

"అయిపోతాందన్నా, అయిపోతాంది" అంటూ కంబగిరి చెప్పుల్లేకుండా ఎండలోకి నడిచాడు.

"ఆరాధనకు పెద్దోళ్ళను పిలిచినా. పరువు తీయొద్దు. ఆ అవ్వకు రాకుంటే ఆ పాట వదిలెయ్, ఉన్నవాటితో లాగించు."

"అట్లనే అన్నా."

ఫోను పెట్టేసి, కాళ్ళు కాలుతుంటే గబగబా నీడలోకి వచ్చాడు. సామి తంబూర బిరడా తిప్పుతూ అడిగాడు.

"ఏమంటాంది నీ మిషను?"

"ఇంక ఒకటే దారి సామీ. ఫార్మాట్ కొట్టేస్తా."

"అంటే?"

"అంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించడం."

"అంతానా?"

"అంతా."

"పాటలు గూడా?"

కంబగిరి జేబులో పెన్‌డ్రైవ్ తడుముకున్నాడు. "ఫైలే చెడిపోయినట్టుంది సామీ" అన్నాడు. "పెన్‌డ్రైవ్‌లో ఉండాది గాని, చెడిపోయిన ఫైలు యాడ పెట్టినా చెడిపోయిందే గదా."

"అది పడిపోయే ముందు ఏం చేస్తాంది?"

"ఏం చేయదు. తెరుచుకోబోతాది, పోతాది."

"చూసినావా?"

"ఇన్నాళ్ళ నుంచి అదే గదా సామీ చూస్తాండా!"

సామి తీగ మీటి, చెవి ఆనించి విని, కొంచెం వదులు చేశాడు.

"ఆ తుడిచేదేదో రేపు తుడుద్దువు. పోయి అక్కను పిల్చుకొని రా. పాట వినాలని ఉంది."

"అవ్వకు పాట పోయింది సామీ."

"ఎవరు చెప్పినారు?"

"అవ్వే చెప్పింది."

"పిల్చుకొని రా, పో."

కంబగిరికి చిర్రెత్తింది. ఇక్కడ ఇల్లు అంటుకున్నట్టుంటే ఈయనకు పాట కావలసి వచ్చింది. అయినా వెళ్ళాడు. దారి పొడుగునా సుంకమ్మకంటే నాలుగు అడుగులు ముందు నడుస్తూ, ఆగుతూ, వెనక్కి చూస్తూ ఆమెను తీసుకొచ్చాడు.

సుంకమ్మ ఆయాసపడుతూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏం నాగలింగా, పిలిచినావంట" అంది. మఠంలో సామిని పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

"పెద్దసామి కడపటి తత్వం వినాలని ఉందక్కా."

ఆమె ముఖం చిన్నబోయింది. "అదే రాకపోయెనే" అంది. కంబగిరి వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. వారం పది రోజుల కిందట ఇలాగే ఆగిపోతే అతను విసుక్కుని, "రాదంటే రాదని చెప్పవ్వా, ఊరికే పొద్దు పోతాంది" అన్నాడు. అతను మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

"వచ్చినకాడికి పాడు" అన్నాడు సామి. "కంబగిరీ, రోజూ పెట్టినట్టు పెట్టు."

కంబగిరి శ్రుతి పెట్టె మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగి పెట్టె జుయ్యిమని ఎత్తుకుంది. మద్దిలేటికి పద్యనాటకాల పిచ్చి. ఐదు కట్టెల శ్రుతిలో, అంత పైస్థాయిలో పాడితేనే మగాడి పాటని అతని లెక్క. పెట్టె ఇచ్చిన రోజు అతను పెట్టిన శ్రుతే ఇప్పటికీ అందులో ఉంది. భజనలో అందరూ ఆ శ్రుతికే ఎగబాకుతున్నారు. ఎగబాకలేని వాళ్ళు పెదాలు ఆడిస్తున్నారు.

సుంకమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

"తలుపు లేని ఇంటికీ
తాళమేసినదెవ్వరే చెల్లెలా..."

చరణం ఎత్తబోయింది. గొంతు పైకి పోలేక చీలింది. దగ్గు వచ్చింది. "రాదు నాయనా, పోయింది" అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"చూసినారా సామీ?" అన్నాడు కంబగిరి. అప్పటికే అతని ఒక కాలు కంప్యూటర్ వైపు తిరిగి ఉంది.

సామి చెయ్యి చాచి శ్రుతి పెట్టె ఆపేశాడు. గదిలో చప్పుడు లేకుండా పోయింది.

"ఇప్పుడు పాడక్కా."

ఆమె పాడింది. మళ్ళీ అదే ఎత్తు, అదే చోట అదే చీలిక. ఈసారి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"పెట్టె ఆపినా గదా" అన్నాడు సామి మెల్లగా. "మళ్ళా అంత పైకి యాడ అందుకున్నావు?"

సుంకమ్మ ఆలోచించింది. చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు ఆపినావులే గాని నాగలింగా, అది ఈడ ఆగలేదు" అంది. "రోజూ అదే వింటాండా గదా. నోరు తెరిస్తే ముందు అదే పలుకుతాది. దాన్ని అందుకోవాలని పోతా. అందుకోలేక పాటంతా పోతాది."

సామి లేచి తంబూర తీసుకుని వెళ్ళి ఆమె పక్కన, ఆమెకు కనబడకుండా కొంచెం వెనగ్గా కూర్చున్నాడు. తీగ మీటాడు. మంద్రంగా మోగింది. పాడమని అనలేదు. మీటుతూనే ఉన్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. కంబగిరి కూర్చున్నాడు, గోళ్ళు కొరికాడు, లేచాడు. లేచినవాణ్ణి సామి చూపుతోనే కూర్చోమన్నాడు. బయట గనిలో రాయి కోసే చప్పుడు వచ్చింది, ఆగింది. సుంకమ్మ తల మెల్లగా ఊగడం మొదలైంది. పెదాలు కదిలాయి. చెవి మీద చెయ్యి ఎప్పుడో జారి ఒళ్ళోకి వచ్చేసింది.

తర్వాత పాడింది. ఎత్తుకోలేదు, మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టింది.

"తలుపు లేని ఇంటికీ
తాళమేసినదెవ్వరే చెల్లెలా
లోన ఉన్నది నేనే గదవే
వెలుపలున్నది నేనే గదవే
తాళమెవ్వరిదే చెల్లెలా..."

చరణం మీద చరణం వచ్చింది. ఒక్క మాట తడబడలేదు. గొంతు కిందనే ఉంది, అక్కడే హాయిగా తిరిగింది. పాట అయిపోయాక ఆమె కళ్ళు తెరిచి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చిన్నపిల్లలా నవ్వింది.

"ఉందే!" అంది. "యాడికీ పోలేదే!"

సామి తంబూర పక్కన పెట్టాడు. కంబగిరి ఆమెను చూడటం లేదు. నేల మీద చుట్ట చుట్టుకుని పడి ఉన్న ప్రింటర్ తీగను చూస్తున్నాడు. తనే పీకి అక్కడ పారేసిన తీగ.

లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి గబగబా వెళ్ళలేదు. కూర్చుని ఫైలు నొక్కి, చెయ్యి మౌసు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నొక్కీ నొక్కకముందే లేచి తిరిగేవాడు, లేదా ఇంకోటి నొక్కేవాడు. ఇప్పుడు చూశాడు. తెర తెల్లబడే ముందు, అడుగున సన్నని అక్షరాల్లో ఒక వాక్యం వచ్చి పోయింది. ఇంకోసారి నొక్కి చదివాడు. ప్రింటర్‌ను సంప్రదిస్తున్నాను, అని ఉంది.

అది పాత సాఫ్ట్‌వేర్. పేజీ తెరిచే ముందే కాగితం ఎంత వెడల్పు, అంచులు ఎక్కడ అని ప్రింటర్‌ను అడుగుతుంది. ప్రింటర్ పక్కన లేకపోయినా సరే, కంప్యూటర్‌లో దాని తరఫున కూర్చున్న డ్రైవర్‌ను అడుగుతుంది. ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాం అది. కొత్త ప్రింటర్ డ్రైవర్ చెప్పే జవాబు ఈ పాతదానికి అందదు. అందుకోబోయి పడిపోతోంది. తీగ బయట పీకాడు గాని డ్రైవర్ లోపలే ఉంది. డీటీపీ సెంటర్ నడిపే రోజుల్లో ఈ సంగతి అతను ఎంతమందికి చెప్పి ఉంటాడో.

కొత్త ప్రింటర్ డ్రైవర్‌ను తీసేశాడు. మూల గుడ్డ కప్పి పెట్టిన పాత ప్రింటర్ ఇక పని చేయదు గాని, దాని డ్రైవర్ ఇంకా లోపల ఉంది. ఇక మీదట దాన్నే అడగమని కంప్యూటర్‌కు చెప్పాడు. ఫైలు నొక్కాడు.

తెర తెల్లబడింది. కంబగిరి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అక్షరాలు ఉన్నాయి. ఒక పేజీ, ఇంకో పేజీ, అన్నీ ఉన్నాయి. అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, అది మాట కాదు.

"తెరుచుకుందా?" అన్నాడు సామి, లేచి వచ్చి వెనక నిలబడి.

"తెరుచుకుంది సామీ. ప్రింటర్ చెడ్డదేం కాదు. దీనికీ దానికీ పొసగలేదు, అంతే."

"పెట్టె గూడా మంచిదేలే" అన్నాడు సామి.

సుంకమ్మ కూడా గోడ పట్టుకుని లేచి వచ్చింది. అలవాటుగా తెరను వేలితో తాకింది. "నా పాట యాడుంది?" అని అడిగింది.

కంబగిరి చివరి పేజీకి వెళ్ళాడు. వెళ్ళాక గుర్తొచ్చింది అక్కడ తను ఏం కొట్టి పెట్టాడో. చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అప్పటికే సామి చదివేశాడు. పల్లవి కింద, చిన్న అక్షరాల్లో: 'ఈ తత్వం మిగతా చరణాలు లభ్యం కాలేదు. పాడిన సుంకమ్మ గారు మరచిపోయారు.'

కంబగిరి తల ఎత్తలేదు.

"ఏం రాసినాడు నాగలింగా?" అంది సుంకమ్మ. "నా పేరు గూడా పెట్టినాడా?"

సామి ఆ వాక్యాన్ని ఇంకోసారి చూశాడు.

"ఇంకా రాయలేదంటక్కా" అన్నాడు. "నువ్వు చెప్తే రాస్తాడంట."

కంబగిరి ఆ వాక్యాన్ని చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరిపాడు. ఒక్క దెబ్బకు చెరిపేయవచ్చు. అలా చెరపలేదు. పల్లవి కింద చోటు ఖాళీ అయింది. లేచి కుర్చీ ఆమెకు జరిపి, తను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

జేబులో ఫోను మోగింది. మద్దిలేటి పేరు చొక్కా గుడ్డలోంచి వెలుగుతూ కనిపిస్తోంది. సుంకమ్మ నోరు తెరవబోయి ఆగింది. ఆమె చెయ్యి మళ్ళీ చెవి వైపు పోయింది.

"ఎవరో పిలుస్తాండారు నాయనా. చూడు. తొందరేమో."

కంబగిరి సామి వైపు చూశాడు. సామి అతన్ని చూడటం లేదు. తంబూర ఒళ్ళోకి తీసుకుంటున్నాడు.

కంబగిరి జేబులోంచి ఫోను తీశాడు. అది మోగుతుండగానే గొంతు నొక్కేసి, కొత్త ప్రింటర్ మీద బోర్లా పెట్టి వచ్చాడు. వచ్చి కూర్చున్నాక కూడా కాసేపు దాని చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. కళ్ళు మూసుకుని, తంబూర ఒక్కటే వినబడేదాకా ఆగాడు.

"ఇప్పుడు చెప్పవ్వా" అన్నాడు.